బరువు తెలియని కత్తి

ఈ ప్రయాణం మీద వ్యాసం బయల్దేరకముందే సగం రాసిపెట్టుకున్నాను. పద్నాలుగున్నర వేలు పోసి ఒక మడత జేబుకత్తి కొన్నానని తెలిసి మిత్రులు నవ్వారు. పొదుపు మీదా, ఆడంబరం మీదా ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చేవాడికి ఇదేం సరదా అన్నారు. మంచి పనిముట్టుకు మంచి ధర పెట్టడం సరదా కాదని, అదీ ఒక వివేకమేనని వాళ్లకు రుజువు చేద్దామనుకున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో నా సభలున్నాయి. మూడు ఊళ్లలోనూ కత్తికి పని చెబుతాను, చూసింది చూసినట్టు రాస్తాను. అదీ పథకం.

తిరిగొచ్చి నెల దాటింది. ఆ సగం వ్యాసాన్ని చించేశాను. కత్తి ఆ ధరకు తగునా అని అడిగినవాళ్లకు జవాబు ఇందులో ఉంది. నేను చెప్పాలనుకున్న జవాబు మాత్రం అది కాదు.

జగిత్యాల

జగిత్యాలలో ముందు పలకరించింది వాసన. ఏప్రిల్ చివరి వారం. మార్కెట్ నిండా మామిడికాయలు గుట్టలు పోసి ఉన్నాయి. ఉత్తరాదికి పోయే లారీల్లో పాత కాగితాలు పరిచి కాయల్ని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు సర్దుతున్నారు. మా బాపట్ల వైపు మామిడి అంటే ముందు ఆవకాయ గుర్తొస్తుంది. ఇక్కడ ముందు లారీ గుర్తొస్తుంది.

ఈ మూడు ఊళ్లలో నన్ను తిప్పే భారం లింబాద్రి సారు తీసుకున్నారు. కోరుట్లలో సైన్సు చెప్పి రిటైరై, ఇప్పుడు అక్కడే ఒక చిన్న ప్రైవేటు బడి నడుపుతున్నారు. ఆ చుట్టుపక్కల మూఢనమ్మకాల మీద సభ ఎక్కడ జరిగినా వెనక ఆయనే ఉంటారు. మాకు కుదిరిన కిరాయి కారు డ్రైవరు పేరు అజ్మత్. నలభై ఐదేళ్ల సన్నటి మనిషి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

"రియాద్‌ల పదకొండేండ్లు చేసి రెండేండ్ల కింద అచ్చిండు," అని పరిచయం చేశారు లింబాద్రి సారు. "కిరాయి బండి అంటే ఒక దినం ఉంటది, రెండు దినాలు ఉండది. జూన్‌ల బడి తెరవంగనే మా స్కూల్ బస్సు గీయనకే ఇస్తున్న. పిల్లల బండి సార్. నడుపుడు ఎవలకన్న అస్తది, నమ్మకం ఉండాలె."

అజ్మత్ అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఇంటికాడ ఉండి నెల జీతం తీసుకునుడు గిదే మొదటిసారి సార్. మా ఇంట్ల అప్పుడే జూన్ అచ్చినట్టు చేస్తున్నరు."

మార్కెట్ బయట గంపలో కాయలమ్మే లచ్చవ్వ దగ్గర ఆగాం. కిలో అరవై అంది. ముందు కోసి చూపించమన్నాను. ఆమె తన కత్తి తీసేలోపే నేను నా కత్తి తీశాను. మడిస్తే చూపుడువేలంత. బొటనవేలితో నెడితే తెరుచుకుని, కదలకుండా టిక్కున బిగుసుకుంటుంది. బ్లేడు తుప్పు పట్టదట. పిడి ఏదో తేలిక పదార్థం. మొత్తం బరువు యాభై రెండు గ్రాములు. జేబులో ఉన్నట్టే తెలియదని అమ్మినవాళ్లు రాసుకున్నారు. నేను పడిపోయింది ఆ ఒక్క మాటకే.

"ఏంది సారూ గది, గోర్లు తీస్కునేదా?" అంది లచ్చవ్వ.

"కత్తి అవ్వా. పద్నాలుగున్నర వేలు."

ఆమె నోటి దగ్గర కొంగు పెట్టుకుంది. "గన్ని పైసలకు మేక అస్తది సారూ, పిల్లతోని. మేకనమ్మి కత్తి కొన్నవా? ఇగ కొయ్యనీకి ఏం మిగిలింది?"

పక్క గంపల వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, లెక్క చెప్పాను. ఇరవై ఏళ్లు పనిచేసే వస్తువు. ఇరవై ఏళ్లకూ పంచితే రోజుకు రెండు రూపాయలు. ఆ పక్క బండి మీద చాయ్ పది రూపాయలు. రోజూ చాయ్ తాగేవాణ్ని దుబారా మనిషి అనరు, నన్ను మాత్రం ఎందుకు అనాలి? లచ్చవ్వ నా లెక్క వింటూనే తన నలభై రూపాయల కత్తితో కాయను నాలుగు చెక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది, నా చేతిలో పెట్టింది. నా కత్తి ఇంకా గాల్లోనే ఉంది.

అజ్మత్ దాన్ని అడిగి తీసుకుని, బ్లేడు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాడు. అలా చూడడంలో ఒక ఎరుక ఉంది.

"స్టీల్ మంచిది సార్. మస్తు పదునుంది. రియాద్‌ల నేను మాంసం దుకాన్లనే చేసిన."

"అయితే దీని విలువ నీకు తెలుసన్నమాట."

"విలువ ఎరుకయితది గని, ధర మీరు చెప్తెనే ఎరుకయింది," అని నవ్వాడు.

ఈ మాటను నేను మనసులో దాచిపెట్టుకున్నానని అప్పటికి నాకే తెలియదు.

సాయంత్రం సభలో ఒట్టుల మీద మాట్లాడాను. వస్తువు పోతే మంత్రించిన బియ్యం నమిలించడం, తడిబట్టలతో గుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయించడం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. నలుగురికి బియ్యం ఇచ్చి నమిలించి, భయపడ్డవాడి నోరు ఎందుకు ఎండుతుందో వేదిక మీదే చూపించాను. "ఒట్టు పిరికివాణ్ని పట్టిస్తుంది, దొంగను పట్టించదు. మనకు కావాల్సింది రుజువు! ఆరోపించినవాడే చూపాల్సిన రుజువు!" అని బల్ల గుద్దాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

కారెక్కాక అజ్మత్ అన్నాడు: "మంచిగ చెప్పిండ్రు సార్. మా దుకాన్ల ఒకసారి సేటు ఫోన్ పోతే అందరితోని ఒట్టు వెట్టిచ్చిండ్రు. ఒక్క పోరడు భయపడి పెట్టలే. గాన్నే తీసేసిండ్రు. ఫోన్ ఎన్కసిరి సేటు ఇంట్లనే దొరికింది."

ఎంత చక్కటి ఉదాహరణ అని పుస్తకంలో రాసుకున్నాను.

కోరుట్ల

కోరుట్లలో పొద్దున వీధులు తిరిగాను. ప్రతి రెండో అరుగు మీద ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తునికాకు మీద రేకుముక్క కొలత పెట్టి, కత్తెరతో చుట్టూ కోసేస్తారు. చూపు ఆకు మీద ఉండదు, పక్కింటామె మాటల మీద ఉంటుంది. ఒకామెను కత్తెర చూపించమని అడిగాను.

"చూడుండ్రి గని, పట్టుకోకుండ్రి," అంది. "నా కత్తెర ఎవలకియ్య. చెయ్యి మారితే పదును తిరుగుతది."

మూఢనమ్మకం అని రాసుకుని ముందుకు నడిచాను. రోజంతా ఒకే చేతి వాటానికి అరిగిన పనిముట్టు ఇంకో చేతిలో సరిగా తెగదన్న చిన్న సంగతి నాకు తట్టనేలేదు. అడిగివుంటే ఆమే చెప్పేది. అడగడం మరిచిపోయి ఎన్నాళ్లయిందో.

మధ్యాహ్నం లింబాద్రి సారు ఇంట్లో పదిమందికి భోజనం. జొన్నరొట్టె, వేపుడు మాంసం, అన్నం, పచ్చిపులుసు. మా ఇళ్లలో చారు పొయ్యి మీద మరిగితే తప్ప చారు కాదు. ఇక్కడ చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిపాయా, కాల్చిన మిరపకాయా నలిపి వేస్తారు, అంతే. పొయ్యికి సెలవు. ఎండ నలభై దాటిన రోజున ఏది వివేకమో నాలుకే చెప్పింది.

వడ్డించేలోపు కీరకాయలు కోస్తానని కత్తి తీశాను. అందరికీ చూపించాను, ధర చెప్పాను, మేక సంగతీ చెప్పాను. కత్తి చేతులు మారి చివరికి అజ్మత్ దగ్గరికి చేరింది. అతను తడిని జేబురుమాలుతో తుడిచి, మడిచి, నా ముందు బల్ల మీద పెట్టాడు.

"చేతికివ్వచ్చు కదా," అన్నాను. "తగాదా వస్తుందనా?"

"పద్ధతి సార్," అన్నాడు నవ్వుతూ. "కత్తి చేతికియ్యరు."

చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాం. వడ్డన మొదలైంది. పచ్చిపులుసు పోయించుకుంటూ చూస్తే బల్ల మీద కత్తి లేదు.

బల్ల కింద చూశాను. ప్యాంటు జేబులు చూశాను. సభల కోసమని ఆ ఎండలోనూ వేసుకు తిరిగే చేతుల్లేని కోటు జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీ. అందరూ లేచి వెతికారు. దొరకలేదు. అప్పుడు నేనన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"ఇక్కడ దాని విలువ తెలిసినవాళ్లం ఇద్దరమే. నేనూ, అజ్మతూ."

నేను నిందించలేదని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. ఒక వాస్తవాన్ని చెప్పానంతే అనుకున్నాను. మాటను ఎక్కడ ఆపితే వినేవాడే మిగిలింది పూరిస్తాడో నలభై ఏళ్ల వేదికలు నాకు నేర్పాయి. సరిగ్గా అక్కడే ఆపాను. పదిమంది ఉన్న గదిలో నా చూపు అతని దగ్గరికే ఎందుకు పోయిందంటే, చివరగా ముట్టుకున్నది అతనే కాబట్టి అని చెప్పవచ్చు. అతను డ్రైవరు కాబట్టి, అతని పేరు అజ్మత్ కాబట్టి కూడా పోయిందా? కాదని ఒట్టేసి చెప్పలేను. నా దగ్గర రుజువు లేదు.

అజ్మత్ లేచి జేబులు రెండూ బయటికి లాగాడు. జేబురుమాలు, తాళాలు, నలిగిన రసీదు. "బండి గూడ చూడుండ్రి," అన్నాడు. ఇద్దరు పోయి కింద పరిచిన పట్టాలతో సహా ఎత్తి చూశారు. సీటు కింద బట్టలో చుట్టిన కత్తి ఒకటి దొరికిందని కేక వేశారు. విప్పితే చెక్కపిడి ఉన్న పాత పెద్దకత్తి. రియాద్ దుకాణంలో వాడినది.

నా తలలో ఏం జరిగిందో అదీ రాయాలి. నాది కాదని తేలాక అతని మీద అనుమానం తగ్గాలి కదా. పెరిగింది. కత్తుల మీద మోజున్న మనిషి అనుకున్నాను. సాక్ష్యం ఎటు తిరిగినా నింద వైపే నడిపించే ఈ విద్యను మంత్రగాళ్లకు అంటగట్టి ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు.

అజ్మత్ వచ్చి తన విస్తరి ముందు నిలబడ్డాడు. "నిన్న మీరే చెప్పిండ్రు కద సార్, ఒట్టుతోని ఏం తేలదని. మరి నేనేం జేస్తె నమ్ముతరు?"

జవాబు నాకు తెలుసు. నువ్వేమీ చేయనక్కర్లేదు, రుజువు చూపాల్సింది నేను. వంద వేదికల మీద చెప్పిన మాట. అక్కడ నా నోట రాలేదు. పచ్చిపులుసు చల్లగా నా అన్నంలోకి ఇంకుతోంది, నేను దాన్నే చూస్తున్నాను.

ముత్యం తాత అని లింబాద్రి సారు పక్కింటి పెద్దాయన ఉన్నాడు. ఆయన మనవరాళ్లిద్దరూ ఆ బళ్లోనే చదువుతారు. "ఎందుకు లొల్లి? ఒట్టు పెట్టరాదు బిడ్డా, అయిపోతది," అన్నాడు.

అజ్మత్ నా వైపు చూశాడు. వద్దంటానేమోనని చూశాడు. నేను అనలేదు. అతను వంగి, వడ్డించిన అన్నం మీద అరచెయ్యి పరిచాడు. "గీ అన్నం మీద ఒట్టు. నేను తియ్యలే." విస్తరి అలాగే వదిలేసి బయటికి పోయి కార్లో కూర్చున్నాడు.

లింబాద్రి సారు నా చెవి దగ్గర మెల్లగా అన్నారు: "బస్సు సంగతి మల్ల ఆలోచించాలె సార్. తల్లిదండ్రులకు తెలిస్తే కష్టం."

ఆయన్ను ఆపే అధికారం ఆ గదిలో నాకొక్కడికే ఉంది. నేను తలూపాను. సాయంత్రం సభలో ప్రశ్నించే స్వభావం గురించి మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు.

సిరిసిల్ల

మర్నాడు అజ్మత్ రాడనుకున్నాను. చెప్పిన వేళకు పది నిమిషాల ముందే వచ్చాడు. "సిర్సిల్ల దాక మాట్లాడుకున్నం కద సార్," అన్నాడు. దారి పొడవునా ఆ ఒక్క మాటే.

సిరిసిల్ల సభ పొద్దున్నే అయిపోయింది. తర్వాత సత్తయ్య అనే పెద్దాయన తన సాంచాలు చూపిస్తానని తీసుకెళ్లాడు. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. రేకుల షెడ్డులో ఎనిమిది సాంచాలు ఒక్కసారిగా ఆడుతుంటే చెవి మాత్రమే కాదు, పళ్లు కూడా వింటాయి. అజ్మత్ బయట చాయ్ బండి దగ్గర ఆగిపోయాడు.

సిరిసిల్లలో ఒక అలవాటు గమనించాను. మనిషిని పలకరించేటప్పుడు వాళ్ల చెయ్యి తెలియకుండానే మన బట్ట మీదికి వస్తుంది. కొసను రెండు వేళ్ల మధ్య పట్టి నలుపుతారు. మా ఊళ్లో అలా చేస్తే పోట్లాట. ఇక్కడ అదే యోగక్షేమం. సత్తయ్య కూడా నా కోటు అంచు పట్టాడు.

"ఎంతవెట్టి కొన్నరు సార్?" అని చెవిలో అరిచాడు.

"రెండు వేలు. అచ్చమైన నూలు."

"నూలా?" ఆయన మొహమంతా నవ్వయింది. "సగం పాలిస్టరు సార్! మా సాంచల నేసిందే గావచ్చు!"

నవ్వుతూనే ఆయన వేళ్లు అంచు వెంబడి వెనక్కి జరిగాయి. ఒకచోట ఆగాయి. నవ్వు ఆగింది.

"గిక్కడ ఏందో ఉంది సార్. గుడ్డ గాదు గిది."

దారాలు కోయడానికి వేళ్ల సందున పెట్టుకునే సగం బ్లేడు ముక్కతో అంచు కుట్టు నాలుగు పోగులు తెంపాడు. అస్తరు గుడ్డలోంచి యాభై రెండు గ్రాములు జారి ఆయన అరచేతిలో పడ్డాయి.

కోటు జేబు అడుగున కుట్టు విడిపోయివుంది. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నేనే బల్ల మీంచి తీసి జేబులో వేసుకునివుంటాను. అది అస్తరులోకి జారి, నా వీపు వెనక ఒక పగలూ ఒక రాత్రీ నాతోనే తిరిగింది. రెండు సభల్లో నాతోపాటు వేదిక ఎక్కింది. జేబులో ఉన్నట్టే తెలియదన్న మాట నిజం. నేను ఆ ధర పెట్టింది దానికే.

సత్తయ్యకు ఏమీ తెలియదు. "మీదేనా సార్? మంచిగయింది," అని సంతోషపడ్డాడు. ఆ చప్పుడులో ఇంకెవరూ చూడలేదు. అప్పుడు నాకొచ్చిన ఆలోచనలు మంచివి కావు. మానేరు వంతెన దాటేటప్పుడు కారు అద్దం దించవచ్చు. ఇంటికి పోయాక దొరికిందని ఒక ఉత్తరం రాయవచ్చు. ఒక చాయ్ తాగేంతసేపు ఆ రెండు దారులూ తూచి చూశాను. చివరికి బయటికి నడిపించింది ధైర్యమో, దొరికిపోతానన్న భయమో ఇప్పటికీ తెలియదు.

"అజ్మత్, కత్తి దొరికింది. నా కోటులోనే ఉంది. అస్తరులోకి జారింది."

అతను గ్లాసులోకి చూశాడు. "నిన్న కోటు చూసిన్నంటిరి కద సార్."

"జేబు చూశాను. జేబు అడుగు చూడలేదు."

"నా బండి మాత్రం అడుగు దాక చూసిండ్రు."

చాయ్ బండి అతను తల తిప్పుకున్నాడు. నేను కత్తిని అజ్మత్ ముందు పెట్టాను. "ఇది మీరు ఉంచుకోండి. నా తృప్తి కోసం." మొదటి రోజు నుంచీ అతణ్ని నువ్వు అంటున్నానని, లింబాద్రి సారును మీరు అంటున్నానని అప్పుడే గుర్తొచ్చింది.

"మీ తృప్తి కోసం నేను దొంగను గావాల్నా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "రేపు గిది నా చేతుల చూస్తె కోరుట్లల ఏమంటరు? అగో, అజ్మత్ కొట్టేసిన కత్తి, అంటరు."

నా క్షమాపణ ఎంత తెలివితక్కువదో ఆ మాటతో తెలిసింది. మరి ఏం చేయమంటారని అడిగాను.

"వాపస్ పోదం. ఎవల ముందల అన్నరో గాళ్ల ముందల చెప్పుండ్రి."

"సాయంత్రం నాకు రైలుంది. లింబాద్రి సారుకు ఇప్పుడే ఫోన్ చేసి వివరంగా చెబుతాను."

"ఫోన్ల అనలే గద సార్ మీరు."

రైలు పోయింది. పోనిచ్చానని రాసుకోవడం గొప్పగా ఉంటుంది. నిజానికి అతను కారు తాళం తిప్పాడు, నేను ఎక్కాను.

రుద్రంగి దారి

రుద్రంగి దాటాక ఒక వేపచెట్టు కింద ఆపాడు. డిక్కీలో లచ్చవ్వ దగ్గర కొన్న కాయలు మగ్గి పళ్లయివున్నాయి. కార్లో అన్నం వేళ మాట లేకుండా కూర్చోవడం అతనికీ కష్టంగానే ఉన్నట్టుంది. సీటు కింది బట్ట విప్పి పాత కత్తి తీశాడు.

బ్లేడు సానపట్టి సానపట్టి సగానికి వచ్చింది. పిడి మీద అతని వేళ్లు కూర్చునే చోట నాలుగు గుంటలు. దుకాణంలో చేరిన కొత్తలో పద్దెనిమిది రియాళ్లకు కొన్నాడట. వచ్చేటప్పుడు సామాన్లలో అడుగున చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాడట. పండును చేతిలోనే పట్టుకుని గింజ చుట్టూ తిప్పాడు. రెండు చెక్కలు కాగితం మీద పడ్డాయి. నేనూ నా కత్తితో ఒక పండు కోశాను. పదునుకు లోటు లేదు. చిన్న బ్లేడు టెంక దాకా అందలేదు. రసం మడత కీలులోకి దిగింది, మూయబోతే జిగురుగా పట్టేసింది. అతను సీసాలో నీళ్లు ఒక్కసారి పోసి తన కత్తి కడిగేశాడు. నేను తుడుస్తూనే ఉన్నాను.

"నాది జెర పట్టుకోండ్రి," అని దాన్ని గడ్డి మీద పెట్టాడు. తీసుకున్నాను. చెయ్యి కిందికి దిగింది.

"బరువుంటే చేతికి ఎరుకుంటది సార్. ఎరుకున్న వస్తువు పోదు."

కొనచ్చా అని అడిగిన మిత్రులకు నా సమీక్ష ఇంతే. స్టీలు మంచిది, పదును నిలుస్తుంది, పద్నాలుగున్నర వేలలో సగం దాని బరువు తీసేయడానికి పెట్టిన ఖర్చు. నాకు ఆ బరువే అవసరమని తెలియక కొన్నాను.

మళ్లీ కోరుట్ల

పదిమందిలో ఆరుగురు వచ్చారు. అదే గది, అదే బల్ల. లింబాద్రి సారు భార్య, వేళ మించినా సరే, మళ్లీ అన్నం పెట్టింది. తినే ముందే నిలబడి చెప్పాను. కత్తి నా కోటులోనే ఉందని, చూడకుండా నింద వేశానని, అజ్మత్ ఏ తప్పూ చేయలేదని, తప్పంతా నాదేనని. చినిగిన అంచు చూపించాను. వేలాది మంది ముందు మాట్లాడిన నాకు ఆ నాలుగు వాక్యాలకు గొంతు తడారింది. బియ్యం నమిలితే ఉమ్మలేకపోయేవాణ్ని.

"పోనియ్యుండ్రి సార్, దొరికింది గద," అన్నారు ఎవరో. లింబాద్రి సారు మాత్రం బల్ల వైపు చూస్తూ అన్నారు: "గది సరే సార్. గని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకు అప్పుడే ఎరుకయింది. ఒక్కసారి పేరు అచ్చినంక మనం గాదంటే..." ఆ మాటను ఆయన పూర్తి చేయలేదు. ఎక్కడ ఆపాలో ఆయనకూ తెలుసు. గుమ్మం దగ్గర అజ్మత్ చేతుల్లో తాళాలు కదలడం ఆగిపోయింది.

ముత్యం తాత బల్ల మీద చరిచాడు. "ఏం పేరు? ఏం గాదనుడు? అన్నం మీద ఒట్టు వెట్టిండా లేదా? పెట్టి ఒక్క దినం తిరగకముందే వస్తువు బయటవడ్డదా లేదా? నిన్న అందరు ఎతికితె దొరకలే. ఒట్టు వెట్టంగనే దొరికింది. గింతకన్న ఏం కావాలె? నా మనుమరాండ్లు గాయన బండిలనే పోతరు!"

"నిజమే," అన్నారొకరు. "ఒట్టు నిలిచింది," అన్నారు ఇంకొకరు. ఒకతను లేచి అజ్మత్ భుజం తట్టి లోపలికి లాక్కొచ్చాడు. ఆ గదిలో మొహాలు విప్పారడం చూశాను. నా ఒప్పుకోలు చేయలేని పనిని ఒట్టు చేసేసింది.

కత్తిని బయటపెట్టింది ఒట్టు కాదు, నేత పనిలో ఆరితేరిన ఒక మనిషి వేళ్లు. ఇక్కడ ఈ మాట రాయగలుగుతున్నాను. అక్కడ నోటిదాకా వచ్చింది. లింబాద్రి సారు నా వైపే చూస్తున్నారు. ముప్పై ఏళ్లు నాతోపాటు ఇలాంటి మాటల్ని ఖండించిన మనిషి. నేను ఖండిస్తానని, అప్పుడు తను ఏమీ తేల్చనక్కర్లేదని ఎదురుచూస్తున్నారు. అజ్మత్ కూడా చూశాడు. తల అడ్డంగా ఆడించాడు, పక్కవాళ్లకు కనపడనంత కొద్దిగా.

నిన్న నేను అతని ఒట్టును ఆపాల్సిన చోట నోరు మెదపలేదు. ఈ రోజు దాని మీద నోరెత్తితే అతని ఉద్యోగం పోతుంది. రెండుసార్లూ మౌనమే. రెండోది మొదటిదాన్ని కడిగిందని చెప్పుకోలేను.

"సరే, బడి తెరవంగనే రా అజ్మత్," అన్నారు లింబాద్రి సారు చివరికి, నా మీంచి చూపు తీయకుండానే.

అజ్మత్ నా ఎదురుగా కూర్చున్నాడు. నిన్న తినకుండా వదిలేసిన చోటే. విస్తరిలో వేడన్నం పడగానే కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "తినుండ్రి సార్," అన్నాడు, "సల్లారుతది."

నా ముందూ అన్నం ఉంది. దాని మీద చెయ్యి పెట్టడానికి నాకు చాలాసేపు పట్టింది.